సముద్రం వెనక్కి తగ్గే వేళ

ఢిల్లీ సుల్తాను మహమ్మద్ బిన్ తుగ్లక్ రాయబారిగా చైనాకు బయలుదేరిన ఇబ్న్ బతూతా 1342లో గుజరాత్ తీరంలోని ఘోఘా రేవు ముందుకు చేరాడు. ఊరు ఎదురుగానే ఉంది కానీ ఓడ నాలుగు మైళ్ల అవతలే లంగరు దించింది. నీరు తీసేసింది, ఓడ ఇక ముందుకు పోదు. కొందరు సహచరులతో చిన్న పడవలోకి దిగి ఒడ్డుకు బయలుదేరితే, ఊరింకా మైలు దూరం ఉందనగా అదీ బురదలో కూరుకుపోయింది. ఇద్దరు మనుషుల ఊతంతో అతను ఆ అడుసులో నడక సాగించాడు. పోటు తిరిగి వచ్చేలోగా ఊరు చేరకపోతే ప్రాణాలు దక్కవని జనం భయపెడుతూనే ఉన్నారు. అతనికి ఈత అంతంతమాత్రం. ఎలాగో గట్టెక్కాడు. ఎన్నో దేశాలు తిరిగినా ఆ మైలు దూరపు నడకను మరిచిపోలేక తన యాత్రా గ్రంథంలో చెప్పుకున్నాడు.

ఆ బురద ఖంభాత్ అఖాతానిది. మన దేశంలో ఆటుపోట్ల తేడా ఇక్కడ ఉన్నంతగా మరెక్కడా ఉండదు. విశాఖపట్నంలో పున్నమి, అమావాస్యల నాటి పెద్ద పోటుకు కూడా నీరు ఎక్కి దిగే ఎత్తు సుమారు ఒకటిన్నర మీటరే. ముంబయిలో అది 4 మీటర్ల దాకా ఉంటుంది. భావనగర్‌లో 10 మీటర్లు దాటుతుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తున నీరు ఆరు గంటల్లో వచ్చి, మరో ఆరు గంటల్లో వెళ్లిపోతుంది.

అఖాతం సముద్రం వైపు వెడల్పుగా ఉండి, లోపలికి పోయేకొద్దీ ఇరుకవుతుంది. లోతూ తగ్గుతుంది. వెనక నుంచి తోసుకొచ్చే నీటికి పక్కకు పోయే దారి లేక అది పైకి లేస్తుంది. ప్రవాహం కొన్నిచోట్ల గంటకు 10 కిలోమీటర్లు మించుతుంది. గాలి అనుకూలించినా తెరచాప పడవ దానికి ఎదురు పోవడం కష్టం. సబర్మతి, మహి, నర్మద, తాపీ నదులు తెచ్చి పోసే ఒండ్రు దీనికి తోడు. ఈ ఏడు పడవ నడిచిన దారి వచ్చే ఏటికి ఇసుక తిప్ప కావచ్చు. ఇలాంటి చోట రెండు వేల ఏళ్లకు పైగా ఓడ వర్తకం సాగిందంటే, నీరు తీసే పాటు వేళ పడవను ఎక్కడ ఆపాలో, ఎలా కూర్చోబెట్టాలో తెలిసిన మనుషులు తరతరాలుగా అక్కడ ఉండబట్టే.

వాళ్లకు పంచాంగమే పటం. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది. ఇవాళ వచ్చిన వేళకు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పాత లెక్కలో గడియ అంటే 24 నిమిషాలు, కనుక ఆలస్యం సుమారు రెండు గడియలు. ఒక రేవులో పాడ్యమి నాడు పోటు ఎప్పుడు నిండుతుందో తెలిస్తే చాలు, తిథికి రెండేసి గడియలు కలుపుకుంటూ పోవచ్చు. పదిహేను తిథులకు ముప్పై గడియలు, అంటే సరిగ్గా పన్నెండు గంటలు. అక్కడితో లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. చేతిలో గడియారం లేని నావికుడు చంద్రుణ్ణి చూసి నీటి వేళ చెప్పగలిగింది ఈ లెక్కతోనే.

పోటు పాట్ల బలమూ తిథి వెంటే నడుస్తుంది. పున్నమి, అమావాస్యల తర్వాత ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎత్తుకు ఎక్కుతుంది, పాటు అంతే లోతుకు దిగుతుంది. అష్టమి దాటాక రెండూ మందగిస్తాయి. పగలు, రాత్రి సమానమయ్యే మార్చి, సెప్టెంబరు రోజుల దరిదాపుల్లో నీరు మరీ అడుగుకు పోతుంది. పున్నమి పెద్ద పోటు నిండుగా ఉన్నప్పుడు ఏమరుపాటున ఒడ్డెక్కిన పడవకు తర్వాతి పోట్లు అందవు. అమావాస్య వచ్చేదాకా అది అక్కడే పడి ఉండాలి. అందుకే నీరు ఎక్కుతున్నప్పుడు నేల తగిలితే నావికుడు కాసేపు ఓపిక పడతాడు. అదే నీరు తీస్తున్నప్పుడు తగిలితే క్షణం ఆలస్యం చేయడు.

ఈ సంగతి తెలియనివాళ్ల గతి ఏమిటో క్రీ.పూ. 325లో సింధు నది ముఖద్వారం దగ్గర తేలింది. అలెగ్జాండర్ ఓడలు నది వెంట దిగువకు వచ్చి, సముద్రానికి చేరువలో లంగరు వేశాయి. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్ల తేడా చాలాచోట్ల మూరెడు కూడా ఉండదు. ఆ నీళ్లకు అలవాటుపడిన నావికుల కళ్లముందే నది నీరు వెళ్లిపోయి ఓడలు నేలకు ఆనాయి. ఆ విస్మయం తీరకముందే సముద్రం తిరిగి వచ్చింది. ఆ రోజు ఏం జరిగిందో చెబుతూ చరిత్రకారుడు అరియన్ ఒక విలువైన తేడా గుర్తించాడు. మెత్తటి బురదలో కుదురుగా కూర్చున్న ఓడలు ఏ దెబ్బా తగలకుండా పైకి తేలాయి. గట్టి నేల మీద నిలకడ లేకుండా ఆగినవి మాత్రం పోటు తాకిడికి ఒకదాన్నొకటి గుద్దుకుని, ఒడ్డుకు కొట్టుకుని విరిగాయి.

అలా కుదురుగా కూర్చోబెట్టడాన్నే ఒక వృత్తిగా మలుచుకున్నవాళ్లు ఖంభాత్ అఖాతంలో ఉండేవారు. వాళ్ల గురించి మనకు వివరంగా చెప్పింది 'పెరిప్లస్ ఆఫ్ ది ఎరిత్రియన్ సీ' అనే గ్రీకు గ్రంథం. క్రీ.శ. మొదటి శతాబ్దం మధ్యలో రాసిన ఈ గ్రంథకర్త పేరు దక్కలేదు. ఈజిప్టు నుంచి హిందూ మహాసముద్రపు రేవులకు వచ్చే వర్తకులకు పనికొచ్చేలా ఏ రేవులో ఏ సరుకు దొరుకుతుందో, ఏ రాజు ఏలుతున్నాడో, ఎక్కడ ప్రమాదం పొంచి ఉందో రాసిపెట్టాడు. బరిగజ, అంటే ఇప్పటి భరూచ్ దగ్గరికి వచ్చేసరికి సరుకుల జాబితా పక్కన పెట్టి నీటి గురించే పేజీలు నింపాడు.

అఖాతంలోకి వచ్చేవాళ్లకు కుడివైపున రాళ్లతో నిండిన పొడవాటి తిప్ప. ఎడమవైపున లంగరు వేద్దామంటే ప్రవాహం వడి ఎక్కువ, అడుగున ఉన్న గరుకు రాళ్లు లంగరు తాళ్లను కోసేస్తాయి. ఇవన్నీ దాటినా నర్మద ముఖద్వారం కంటికి ఆనదు, ఎందుకంటే ఒడ్డు బాగా పల్లం, దగ్గరికి వెళ్తే గాని తెలియదు. తెలిసినా ఇసుక తిప్పల మధ్య దారి దొరకదు. కాసేపటి క్రితం ఓడలు నడిచిన చోట హఠాత్తుగా నేల బయటపడుతుందని, ఆరిన నేల మళ్లీ సముద్రమైపోతుందని ఆ గ్రంథకర్త రాశాడు. అమావాస్య నాటి రాత్రి పోటు వచ్చేముందు, నీరు నిశ్చలంగా ఉన్న సమయంలో, దూరాన సైన్యం కేకలు వేస్తున్నట్టు చప్పుడు వినిపిస్తుందని, ఆ వెనకే సముద్రం తిప్పల మీదుగా విరుచుకుపడుతుందని హెచ్చరించాడు. ఇది చెవులారా విన్న మనిషి రాసిన వర్ణన అనడంలో సందేహం అక్కర్లేదు.

అంత ప్రమాదం ఉన్నా ఓడలు వస్తూనే ఉండేవి, ఎందుకంటే వాటిని తీసుకొచ్చేవాళ్లు ఉండేవారు. రాజు కొలువులో ఉన్న స్థానిక జాలర్లు త్రప్పగ, కోటింబ అనే పెద్ద పడవల్లో, తగినంతమంది మనుషులతో అఖాతం ముఖద్వారంలోనే కాపు ఉండేవారు. సౌరాష్ట్ర తీరం దాకా ఎదురు వెళ్లి, వచ్చే ఓడలకు దారి చూపేవారు. ప్రాకృత జైన గ్రంథం అంగవిజ్జ పేర్కొన్న పడవల్లోనూ ఈ పేర్లకు దగ్గరివి కనిపిస్తాయి. ఆ రాజు పశ్చిమ క్షత్రపుడైన నహపాణుడని చరిత్రకారుల్లో ఎక్కువమంది అంటారు. అతని అల్లుడు ఉషవదాతుడు వేయించిన నాసిక్ గుహ శాసనంలో తాపీ, దమణ సహా ఆరు నదుల మీద జనాన్ని ఉచితంగా దాటించే పడవలు పెట్టించిన సంగతి ఉంది. నీటి దారులను పాలనలో భాగంగా చూసిన రాజ్యమది.

ఆ జాలర్లు పని చేసిన తీరు గమనించదగ్గది. ముఖద్వారం నుంచి భరూచ్ దాకా నది మీద దూరం సుమారు 300 స్టేడియాలు, మన లెక్కలో 55 కిలోమీటర్ల చిల్లర. ఒక్క పోటు మీద అంత దూరం పోవడం సాధ్యం కాదు. పోటు మొదలుకాగానే ఓడకు తాళ్లు కట్టి తమ పడవలతో లాగుతూ బయలుదేరేవారు. పోటు నడిచినంతసేపు ముందుకు సాగి, పాటు మొదలయ్యేలోగా ఓడను నదిలో లోతున్న ఒక మడుగుకు చేర్చి ఆపేవారు. మిగతా నది అడుగంటినా ఆ మడుగులో నీరు నిలుస్తుంది. మళ్లీ పోటు రాగానే తర్వాతి మడుగుకు ప్రయాణం. నదిలో ఏ మడుగు ఎంత దూరంలో ఉంది, ఈ తిథికి ఏ మడుగు దాకా వెళ్లవచ్చు, నిరుటి మడుగు ఈ ఏడు పూడిందా అన్న లెక్కలన్నీ వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిందే.

మడుగు చేరలేకపోతే? దానికీ ఆ గ్రంథంలో జవాబుంది. తిప్ప మీద చిక్కుకున్న పడవను రెండు పక్కలా ఊతకర్రలతో నిలబెట్టకపోతే, పోటు తొలి దెబ్బకే అది నీటితో నిండిపోతుందని రాశాడు. పడవ కట్టడం తెలిసినవాళ్లకు ఇందులోని కారణం వెంటనే తెలుస్తుంది. అడుగు కోసుగా ఉన్న పడవ నేల తగలగానే ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన వైపు అంచు నేలకు దగ్గరవుతుంది. తిరిగి వచ్చే నీరు పడవను ఎత్తేలోపే ఆ అంచు మీదుగా లోపలికి చేరుతుంది. అప్పటికే పోటు వచ్చే వైపు ఒరిగి ఉంటే ప్రమాదం రెట్టింపు. రెండు బలమైన వాసాలు చెరో పక్క ఆనించి నిటారుగా ఉంచితే అదే పడవ క్షేమంగా తేలుతుంది. రెండు వేల ఏళ్ల తర్వాత ఇవాళ్టికీ లోతు తక్కువైన రేవుల్లో తెరచాప పడవలవాళ్లు చేసేది ఇదే.

ఇంత కష్టపడి భరూచ్‌కు ఎందుకు రావాలి? అక్కడి సంత అలాంటిది. ఇటలీ ద్రాక్షసారా, రాగి, తగరం, సీసం, పగడాలు, వెండి బంగారు నాణేలు వచ్చేవి. దంతం, అకీక్ రాళ్లు, నూలు బట్టలు, పిప్పళ్లు వెళ్లేవి. శాతవాహనుల రాజధాని పైఠాన్ నుంచి, తగర అనే పట్టణం నుంచి సరుకు బళ్ల మీద దక్కను కొండలు దిగి ఇక్కడికే చేరేదని పెరిప్లస్ చెబుతుంది. తగరకు సముద్రతీర ప్రాంతాల నుంచి కూడా సరుకు వచ్చేదన్న ఆ గ్రంథంలోని మాటను తూర్పు తీరానికి వర్తింపజేసిన పండితులున్నారు. కృష్ణా ముఖద్వారపు మసాలియాలో సన్నని నూలు బట్టలు విరివిగా నేసేవారని అదే రచయిత వేరే చోట రాశాడు. ఈ వర్తకం కోసమే క్షత్రపులకూ శాతవాహనులకూ పోరు నడిచింది. జోగల్‌తంబిలో దొరికిన వెండి నాణేల గుట్టలో నహపాణుడి నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించినవి వేల సంఖ్యలో ఉన్నాయి.

ఈ నేర్పు భరూచ్‌తోనే మొదలైందని కూడా చెప్పలేం. అఖాతానికి ఎగువన, హరప్పా నాగరికత నాటి లోథల్‌లో 1955 నుంచి తవ్వకాలు జరిపిన ఎస్.ఆర్. రావు, సుమారు 215 మీటర్ల పొడవూ 36 మీటర్ల వెడల్పూ ఉన్న ఇటుక తొట్టిని బయటపెట్టారు. పోటు నీటితో ఓడలను లోపలికి రప్పించి, పాటు వేళ నీరు జారిపోకుండా ఆపి, ఓడలు తేలుతూనే ఉండేలా కట్టిన రేవు అది అని ఆయన వాదించారు. లారెన్స్ లెష్నిక్ వంటివారు అది చెరువు మాత్రమే అన్నారు. వాదం తెగలేదు. 2024లో ఐఐటీ గాంధీనగర్ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాల సాయంతో సబర్మతి పాత పాయ లోథల్ పక్కగానే పారిందని చూపడంతో రావు వాదానికి కొత్త బలం వచ్చింది.

మధ్యయుగానికి భరూచ్ ప్రాభవం తగ్గి ఖంభాత్ నగరం పెరిగింది. ఆ రేవులో పాటు వేళ ఓడలు బురద మీద పడి ఉండి పోటుకు తేలడం ఇబ్న్ బతూతా చూశాడు. ఒండ్రు పేరుకున్నకొద్దీ పెద్ద ఓడలకు అదీ లేకపోయింది. 16వ శతాబ్దంలో వచ్చిన వెనిస్ వర్తకుడు చేజారే ఫెదెరీచి, ఖంభాత్‌కు చిన్న పడవలే వెళ్లగలవని, అవీ పున్నమి, అమావాస్యల పెద్ద పోట్లను పట్టుకునే రాకపోకలు సాగిస్తాయని రాశాడు. 1617 చివర సముద్రం చూడాలని ఖంభాత్ వచ్చిన జహంగీర్ తన స్వీయచరిత్రలో రేవు పద్ధతి వివరించాడు. పెద్ద ఓడలు ఘోఘాలో ఆగుతాయి. సరుకు గురాబ్ అనే చిన్న ఓడల్లోకి మార్చి ఖంభాత్‌కు తెస్తారు. ఎగుమతి సరుకూ అలాగే గురాబ్‌లలో వెళ్లి పెద్ద ఓడలెక్కుతుంది. బాదుషా తానూ గురాబ్ ఎక్కి సముద్రం మీద తిరిగాడు. మహానగర వాణిజ్యమంతా నేల మీద కూర్చోగలిగిన చిన్న పడవల భుజాన పడిందన్నమాట. ఆ నీళ్లలో ఆరితేరిన ఘోఘా సరంగులకు, కళాసీలకు బ్రిటిష్ కాలంలోనూ దేశమంతటా పేరుండేది.

తెలుగు తీరంలో ఆటుపోట్లు ఇంత ఉగ్రంగా ఉండవు. అయినా లోతు తక్కువైన చోట ఒక్క మీటరు తేడా చాలు, నావను రోజంతా కట్టిపడేస్తుంది. గోదావరి పాయ సముద్రంలో కలిసే కోరంగి చరిత్ర నడిచింది ఆ మీటరు మీదే. పెద్ద పోటుకు ఓడను బురదలో తవ్విన గుంటలోకి లాగడం, వెనక మట్టికట్ట వేయడం, నీరు తోడి అడుగు బాగుచేయడం, మళ్లీ పెద్ద పోటుకు కట్ట కొట్టి ఓడను తేల్చడం అక్కడి పద్ధతి. ఎబనేజర్ రోబక్ అనే ఆంగ్లేయుడు అక్కడ పెద్ద డాక్ కట్టించగా, 1802లో బ్రిటిష్ నౌకాదళ ఓడ ఆల్బట్రాస్ అందులో మరమ్మతుకు వచ్చింది.

కోరమాండల్ తీరపు దోనీ కూడా లోతులేని నీళ్లకోసమే పుట్టింది. 1834లో జాన్ ఎడై అనే నౌకా నిర్మాణాధికారి దాని కొలతలు అచ్చువేశాడు. పొడవు 70 అడుగులు, వెడల్పు 20 అడుగులు. అడుగుభాగం బల్లపరుపుగా, మధ్యలో 7 అడుగుల వెడల్పున ఉండేది. సింహళానికీ మనకూ మధ్యనున్న లోతులేని సముద్రంలో అది తిరిగేది. ఆ బల్లపరుపు అడుగు వల్లే నేల తగిలినా ఒరగకుండా, ఊతకర్రలతో పనిలేకుండా నిలబడేది. దాని రూపం ఎడైకి అందంగా కనిపించలేదు. కానీ కట్టినవాళ్లు తమ రేవును, తమ పాటును చూసుకుని కట్టారు, ఆ పనికి అంతకన్నా తగిన ఆకారం లేదు. ఇక కోరంగి విషయానికి వస్తే, 1789, 1839 తుపానులు దాన్ని ఊడ్చిపెట్టాయి. మిగిలిన పని గోదావరి ఒండ్రు పూర్తిచేసింది. వర్తకం కాకినాడకు తరలింది. పక్కనే తాళ్లరేవులో చెక్క పడవల పని మాత్రం తర్వాత చాలాకాలం బతికింది.

ఖంభాత్ అఖాతపు పాటు యంత్రాల యుగానికీ లొంగలేదు. పాటు వేళ నీరు నిలబెట్టడానికి భావనగర్ రేవుకు లాక్‌గేటు కట్టాల్సి వచ్చింది. అలంగ్‌లో 1983 నుంచి పాత ఓడలను పెద్ద పోటు నాడు ఒడ్డుకు ఎక్కించి, నీరు తీశాక విడదీస్తున్నారు. అంత విశాలమైన ఆరిన నేల ఆటుపోట్ల పుణ్యమే. 2017లో ఘోఘా నుంచి దహేజ్‌కు మొదలైన ఫెర్రీ, దహేజ్ వైపు ఒండ్రు మేటవేయడంతో నిలిచిపోయింది. 2020 నవంబరులో ఘోఘా నుంచి హజీరాకు మార్చి నడిపారు. పెరిప్లస్ రచయిత హెచ్చరించిన ఇబ్బందే ఇంజనీర్లకు మళ్లీ ఎదురైంది.

లోథల్ దగ్గర కేంద్ర ప్రభుత్వం జాతీయ సముద్ర వారసత్వ సముదాయం నిర్మిస్తోంది. అక్కడ రాజుల నాణేలకు, రేవుల నమూనాలకు చోటు దొరుకుతుంది. వాటితో సమానంగా త్రప్పగ, కోటింబ నడిపిన జాలర్లకు, ఊతకర్రలకు, మడుగుల లెక్కకు చోటు ఇవ్వాలి. ఇబ్న్ బతూతా పేరు, జహంగీర్ పేరు మనకు తెలుసు. వాళ్లను ఒడ్డు చేర్చినవాళ్లలో ఒక్కరి పేరూ తెలియదు. పేర్లు ఇక దొరకవు, పని తీరైనా మిగలాలి. తెలుగు తీరంలో ఈ బాధ్యత మనదే. తాళ్లరేవు, కోరంగి, భైరవపాలెం ప్రాంతాల్లో చెక్క పడవ కట్టిన వడ్రంగులు, తిథి చూసి నది మొగ దాటిన పెద్దలు ఉన్నంతలోనే వాళ్ల మాటలు రికార్డు చేయాలి, వాళ్లు కట్టిన పడవల కొలతలు గీసిపెట్టాలి. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు, పురావస్తు శాఖ ఈ పనికి ఇప్పుడే పూనుకోవాలి.